ముప్పై తొమ్మిదో గడి

“ఆ తుపాకిలో మందు కూరి ఉండాదా, లేదా?”

ఈ మాట నేను మా ఆయనను అడిగింది ఉగాది వెళ్ళిన మూడో వారంలో, ఒక మంగళవారం పొద్దున. అప్పటికి ఇంకా ఏమీ జరగలేదు. పథకం రాలేదు, పెట్టెలు రాలేదు, మా ఊరి దారి తెలిసిన అధికారి ఒక్కరూ లేరు. మా ఆయన చెంగల్రాయుడు సంగటి ముద్దలో వేలితో గుంట చేసి ఊరుబిండి పచ్చడి వేసుకుంటున్నాడు. నా మాట విని ఆ గుంటను ఇంకొంచెం పెద్దది చేశాడు.

నాకు భయం ఎక్కువ. ఇది దాచుకునే సంగతి కాదు, ఊరంతా ఎరిగిందే. వాన పడితే గోడ కూలుతుందని, పడకపోతే బావి ఎండుతుందని భయపడతాను. గ్యాసు కట్టేసి వీధి చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చి చూసి, మళ్ళీ వెళ్ళి, ఇందాక సరిగ్గా చూశానా అని ఇంకోసారి వస్తాను. చదివింది ఏడో తరగతే గానీ, ఇంట్లో ఏ వస్తువు మనిషిని ఎన్ని విధాలుగా చంపగలదో అడిగితే తడుముకోకుండా చెబుతాను. మా యశస్విని పుట్టాక ఆ చదువు ఇంకా పెరిగింది. దానికి ఆరేళ్ళు. చేతికి అందిన ప్రతి మూతా తీస్తుంది, అందని దానికి పీట వేసుకుంటుంది.

తుపాకి మా మామగారిది. కొండ కింద చేను గనుక అడవిపందుల బెడదకని సర్కారు వాళ్ళే లైసెన్సు ఇచ్చిన నాటు తుపాకి. మూతి వైపు నుంచి మందు పోసి, పీచు పెట్టి, గుండ్లు వేసి, ఇనుప కడ్డీతో కూరాలి. మామ ప్రతి సాయంత్రం కూరుకుని మంచె మీదికి వెళ్ళేవాడు. పంది రాని రోజు తెల్లవారాక కొండ వైపు కాల్చి ఖాళీ చేసి గానీ ఇంట్లో అడుగు పెట్టేవాడు కాదు. కడ్డీని లోపలికి దోపినప్పుడు పూర్తిగా దిగితే ఖాళీ అని, నాలుగు వేళ్ళు పైకి నిలిస్తే నిండు అని నాకు ఒకసారి చూపించాడు కూడా. మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం పెరట్లో తుపాకి ముందేసుకుని కూర్చున్న మనిషి గుండె పట్టుకుని పక్కకు ఒరిగాడు. కూరిన తర్వాత ఒరిగాడా, కూరకముందే ఒరిగాడా అన్నది నాకు తెలియదు, నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆ ఏడుపుల్లో మా ఆయన తుపాకిని తీసి అటక మీద పెట్టాడు. ఆ అటక కిందే మేము ముగ్గురం పడుకుంటాము.

లైసెన్సు మా ఆయన పేరుకు మారింది. పందులు వస్తూనే ఉన్నాయి. ఆయన మాత్రం నూనె డబ్బా మీద కట్టెతో కొట్టుకుంటూ చేను చుట్టూ తిరుగుతాడు గానీ తుపాకి దించడు. ఎన్నికలు వచ్చినప్పుడు అందరివీ తీసుకున్నట్టే మాదీ స్టేషనులో పెట్టించుకుని, ‘తుపాకి ఒకటి, కడ్డీ ఒకటి’ అని రశీదు ఇచ్చారు. రెండు నెలలు ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాన్ని ఇంకోదాంట్లో దోపి చూడాలని అక్కడ ఎవరికీ తోచలేదు. నువ్వే దోపి చూడొచ్చు గదా అంటారు నన్ను. దోపేటప్పుడే పేలితే నా బిడ్డకు తల ఎవరు దువ్వుతారు?

అటువంటి రోజుల్లో ఆటోలో మైకు వచ్చింది.

పథకం పేరు ‘స్వచ్ఛంద ఆయుధ సురక్షా ప్రోత్సాహక పథకం’. తుపాకి ఉన్నవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వచ్చి మూడు దినాలు శిక్షణ తీసుకుని, తుపాకిని పెట్టెలో పెట్టి తాళం వేసుకుంటే చాలు. పెట్టె ఊరకే ఇస్తారు. పైగా ఒక పచ్చ కార్డు ఇస్తారు. ఆ కార్డు ఉన్నవాళ్ళు సబ్సిడీ వేరుశనగ విత్తనాలకు వరుసలో నిలబడే పని లేదు, ముందే తీసుకోవచ్చు. మా వైపు వాళ్ళకు ఆ వరుస ఏమిటో చెప్పనక్కరలేదు. ముందు రోజే చెప్పులు పెట్టి, రాయి పెట్టి, చివరికి ఆధారు కార్డు జిరాక్సు మీద రాయి పెట్టి కాచుకునే వరుస అది. ఆటో ఇంకా మా వీధి దాటకముందే, తుపాకి లేని వాళ్ళందరికీ తమ బతుకులో ఏదో లోటు ఉందని తెలిసింది.

నాకు మాత్రం విత్తనాల మీద ధ్యాస లేదు. ఎవరో ఒక తెలిసిన మనిషి మా ఇంటికి వచ్చి, కడ్డీ తీసి, ఆ గొట్టంలో దోపి చూసి చెప్పి పోతాడు. మూడేళ్ళ తర్వాత వెల్లకిలా పడుకుని నిద్ర పోతాను. నా ఆశ అంతే.

బడి వరండాలో మీటింగు పెట్టారు. పథకానికి మా గుర్రాలకోన మండల నోడల్ అధికారి పరాంకుశంగారు. సన్నగా, ఇస్త్రీ మడత చెదరకుండా ఉంటారు. నవ్వు వచ్చినప్పుడు కూడా ముందు పక్కవాళ్ళ అనుమతి తీసుకున్నట్టు నవ్వుతారు. ఆయన చెప్పిన మొదటి మాట నాకు ఇంకా గుర్తుంది.

“ఈ పథకం పూర్తిగా స్వచ్ఛందం. కావున ఎవరెవరు స్వచ్ఛందంగా ముందుకు రాలేదో ఆ జాబితా సాయంత్రంలోగా పైకి పంపబడుతుంది.”

అందరం స్వచ్ఛందంగా ముందుకు జరిగాం.

ఫారం ముప్పై ఎనిమిది గడులది. ఇంటి పైకప్పు రకం అడిగారు, పాలిచ్చే పశువులు అడిగారు, మా ఆయన రక్తం గ్రూపు అడిగారు. తుపాకి తయారైన తేదీ అడిగితే మా ఆయన నేల చూశాడు. బడిలో పుట్టినతేదీ తెలియని పిల్లలకు వేసినట్టే దానికీ జూలై ఒకటి వేశారు. నేను కొంగు సర్దుకుని ఒక్కొక్క గడీ దాటేకొద్దీ నా ప్రశ్న వస్తుందేమోనని చూస్తూ నిలబడ్డాను. ముప్పై ఎనిమిదోది ఓటరు కార్డు నంబరు. ఫారం మడిచేశారు.

అప్పుడు అడిగాను, సార్, దాంట్లో మందు కూరి ఉందో లేదో రాసుకోరా అని. పరాంకుశంగారు ఫారం మళ్ళీ విప్పి, పైనుంచి కిందికి వేలు పెట్టి చూసి, నా వైపు ఎంతో జాలిగా తల ఊపారు.

“దానికి కాలమ్ ఇవ్వబడలేదమ్మా. ఇవ్వబడని కాలమ్‌ను మేము సొంతంగా పూరించజాలము.”

మా ఆయన అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

అసలు చిక్కు మరుసటి వారం తెలిసింది. మా మండలానికి లక్ష్యం రెండువందల యాభై మంది సురక్షితులు. మండలంలో లైసెన్సు తుపాకులు నాలుగు. ఈ సంగతి స్టేషను రికార్డు చూసి చెప్పింది హెడ్డు కానిస్టేబుల్ జమాల్ వలీ. ఆ నాలుగింటిలో ఒకదాని యజమాని మదనపల్లెలో కొడుకు దగ్గర ఉన్నాడు, ఇంకొకటి కోర్టులో ఉంది, మూడోది చెదలు తిని గొట్టం ఒక్కటే మిగిలింది. నాలుగోది మాది. జమాల్ వలీ దాచుకునే రకం కాదు, లక్ష్యం తగ్గించమని పైకి రాద్దామన్నాడట. పరాంకుశంగారు ఒప్పుకోలేదు.

“లక్ష్యం పైనుంచి వచ్చింది హెడ్డుగారూ. పైనుంచి వచ్చింది తగ్గదు. తుపాకులు కిందనుంచి రావాలి.”

రెండు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. శిక్షణ మనిషికి గానీ తుపాకికి కాదు, గనుక తుపాకి లేనివారు కూడా అర్హులే. వాళ్ళను ‘ఆయుధరహిత సురక్షిత లబ్ధిదారులు’ అనాలి. ఆలోచిస్తే నాకూ న్యాయంగానే తోచింది. తుపాకి లేని మనిషి కంటే తుపాకితో జాగ్రత్తగా ఉండేవాడు ఎవరు? మా పక్కింటి ఓబులమ్మవ్వకు డెబ్భై ఏళ్ళు దాటాయి, పుట్టి బుద్ధెరిగి ఒక్కసారి కూడా ఎవరినీ కాల్చలేదు. అవ్వను కూడా రమ్మన్నారు. తనకు ఆ యోగ్యత లేదని, కూరగత్తి మాత్రమే ఉందని చెప్పి అవ్వ ఒక్కతే దూరంగా ఉండిపోయింది. ఊరంతా ఆమెను తెలివితక్కువది అనుకున్నారు.

రెండువందల యాభై ఇనుప పెట్టెలు లారీలో దిగాయి. ఆడవాళ్ళం అందరం సంతోషపడ్డాం. ఒకరు పట్టుచీరలు పెట్టుకున్నారు, ఒకరు రాగులు పోసుకున్నారు, మా తోడికోడలు మామిడికాయ ఊరగాయ జాడీలు పెట్టి తాళం వేసింది. తాళం వేసిన ఊరగాయ అంత భద్రంగా ఎప్పుడూ లేదు. అయితే తనిఖీకి వచ్చిన పరాంకుశంగారికి అది నచ్చలేదు. సురక్షితంగా నిల్వ ఉంచబడినది ఏమిటి అన్న గడిలో ‘ఊరగాయ’ అని రాస్తే జిల్లాలో మన పరువు ఏమి కావాలన్నారు. ఖాళీ పెట్టె చూపిస్తే, ఏమీ లేనిదాన్ని భద్రపరిచారని తాను ఎలా ధ్రువీకరించాలన్నారు. పెట్టె ఉంటే తుపాకి ఉండాలి. తుపాకి లేకపోతే తుపాకి వంటిది ఉండాలి.

ఆ మాటతో మా ఊరి వడ్రంగి గంగులాచారి దశ తిరిగింది. మంచాల కోళ్ళు, ఉయ్యాల బల్లలు పక్కన పెట్టి మామిడి చెక్కతో తుపాకులు చెక్కడం మొదలుపెట్టాడు. మా తుపాకిని నమూనాకని అడిగితే నేను దించనివ్వలేదు, గుమ్మం బయటి నుంచి చూసుకోమన్నాను. పాపం ఆయన అటక వైపు మెడ చాపి చూసి, మిగతాది ఊహించి చెక్కాడు. అందుకే మా మండలం తుపాకులన్నిటికీ ఒక చివర మంచం కోడు లాగా గుండ్రంగా ఉంటుంది. వార్నీషు పూసి ఎండబెడితే అచ్చం బొమ్మలకొలువు. మగవాళ్ళు సంతకు పోయినట్టు పోయి, బరువు చూసి, గురి చూసి ఏరుకున్నారు. మా మరిది మొదట తెచ్చింది గొట్టం వంకర ఉందని మార్చుకు వచ్చాడు.

శిక్షణ మూడు దినాలు. నిజమైన తుపాకులు తేకూడదన్నారు, భద్రత దృష్ట్యా. అందుకని మా ఆయన కూడా ఒక చెక్క తుపాకి భుజాన వేసుకుని వెళ్ళాడు. మొదటి దినం ప్రతిజ్ఞ, రెండో దినం తాళం వేయడం, మూడో దినం తాళం తీసి మళ్ళీ వేయడం. సాయంత్రం ఇంటికి వచ్చాక నేను నెమ్మదిగా అడిగాను, మందు కూరిన తుపాకిని ఏమి చేయాలో చెప్పారా అని. చెక్క దాంట్లో కూరేదానికి తావు యాడుండాది అన్నాడు. నెల రోజుల్లో ఆయన నాతో అన్న పెద్ద మాట అదే. పరీక్షలో ఆయనకే మొదటి ర్యాంకు వచ్చింది. ప్రతిజ్ఞ ఒక్క అక్షరం తప్పకుండా చెప్పింది ఆయన ఒక్కడేనట. నోరు విప్పని మనిషి దగ్గర మాటలు అరిగిపోకుండా ఉంటాయి మరి.

జూన్‌లో విత్తనాలు వచ్చాయి. పచ్చ కార్డు ఉన్నవాళ్ళు ముందు. మా గోదాముకు వచ్చేవాళ్ళందరికీ పచ్చ కార్డు ఉంది. గోదాము దగ్గర మొదలైన పచ్చ కార్డుల వరుస పశువుల ఆస్పత్రి దాటి, చింతచెట్టు దాటి, రోడ్డు మీదికి వచ్చి, ఎండకు తట్టుకోలేక మళ్ళీ వెనక్కి తిరిగింది. అంతా చెప్పులు, రాళ్ళు, రాళ్ళ కింద పచ్చ కార్డులు. కార్డు లేనివారి వరుస పక్కనే ఉంది. దాంట్లో ఓబులమ్మవ్వ ఒక్కతే. అవ్వ వచ్చింది, సంచి పట్టింది, వేలిముద్ర వేసింది, విత్తనాలు తీసుకుని ఆటో ఎక్కింది. మా వాళ్ళను చూసి, “మీరు ముందు పోవల్ల గదరా, యాలరా ఈడనే ఉండారు” అని అడిగింది కూడా. అవ్వకు ఎగతాళి చేయడం తెలియదని అందరూ అంటారు. నాకు నమ్మకం లేదు.

వానలు పడ్డాక రెండో తనిఖీ వచ్చింది. అప్పటికి మా ఆయన తుపాకిని మెల్లగా అటక మీది నుంచి దించి పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఈసారి తాళం చెవి గురించి. చెవి పిల్లలకు అందకూడదు, అది నాకూ సమ్మతమే. మేము దాన్ని దేవుడి గూట్లో పసుపు గిన్నె వెనక పెట్టాము. అయితే తనిఖీకి వచ్చిన వారికి చెవి వెంటనే దొరకడం లేదని, దొరకని చెవిని భద్రంగా ఉన్నట్టు ఎలా పరిగణించాలని పరాంకుశంగారికి సందేహం వచ్చింది. అందుచేత ప్రతి ఇంటి గోడకు ఒక బోర్డు తగిలించాలన్నారు, పెద్ద అక్షరాలతో, చదువు రానివారికి కూడా తెలిసేలా బాణం గుర్తుతో.

ఆ రోజు బడి నుంచి వచ్చిన యశస్విని సంచి కింద పడేసి గోడ ముందు నిలబడింది. ఒకటో తరగతిలో ఒత్తులు అప్పుడే నేర్చుకుంటోంది. వేలు పెట్టి గట్టిగా చదివింది.

“తా-ళం చె-వి… దే-వు-ని గూ-ట్లో… ప-సు-పు గి-న్నె… వె-న-క… ఉ-న్న-ది.”

చదివి నా వైపు గర్వంగా చూసింది. మెచ్చుకోవాలో ఏడవాలో తెలియక మెచ్చుకున్నాను. పీటలన్నీ తీసి పశువుల కొట్టంలో పడేశాను. ఆ రాత్రి నుంచి తాళం చెవి నా జాకెట్టులో పెట్టుకుని పడుకున్నాను. పొద్దున తీసి గూట్లో పెట్టేదాన్ని, అక్కడ లేకపోతే మా ఆయనకు మార్కులు పోతాయి.

మార్కులు అప్పటికే తక్కువగా ఉన్నాయి. చెక్క తుపాకులకు తొంభైలు వస్తుంటే మాదానికి నలభై రెండు వచ్చింది. తుప్పు ఉందని, నూనె వాసన ఉందని, వార్నీషు లేదని, మిగతా రెండువందల నలభై తొమ్మిదింటి తీరులో లేదని రాశారు. పరాంకుశంగారు అనుమానంగా దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది సరైన నమూనాయేనా అని జమాల్ వలీని అడిగారు. అసలు తుపాకి ఇదే సార్ అని జమాల్ వలీ చెబితే, అయితే మిగతావాటికి దగ్గరగా తీసుకురండి అన్నారు.

దగ్గరగా తేవడమంటే ముందు నంబరు బిళ్ళ కొట్టాలి. అన్నిటికీ అల్యూమినియం బిళ్ళ మేకుతో కొట్టారు, మాదానికే లేదు. గంగులాచారి సుత్తి, మేకు పట్టుకుని మా వసారాలో కూర్చుని తుపాకిని ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. మూతి పెరటి వైపు ఉంది. పెరట్లో మా బర్రె ఉంది.

ఆచారన్నా, ఒక్క మాట అన్నాను. దాంట్లో మందు ఉందో లేదో చూసి కొట్టు అన్నాను. ఆయన సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఆగి, మా ఆయన వైపు చూశాడు. మా ఆయన ఆకాశం వైపు చూసి, వాన వచ్చేట్టుంది అన్నాడు. నేను బిడ్డను చంకనేసుకుని, బర్రెను తోలుకుని రెండు చేలు దాటి ఓబులమ్మవ్వ కళ్ళంలో కూర్చున్నాను. టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు వినిపించాయి. నాలుగోది వినే ధైర్యం లేక చెవులు మూసుకున్నాను. తిరిగి వచ్చేసరికి తుపాకికి బిళ్ళ ఉంది, గంగులాచారికి చెమట ఉంది, మా ఆయన ఇంట్లో లేడు. చాలాసేపటికి వచ్చాడు. బావి దగ్గరకు పోయానన్నాడు. ముఖం కడిగినట్టు ఉంది గానీ కడిగితే అంత తెల్లగా కాదు.

అప్పుడే నాకు మొదటిసారి తోచింది. ఈ మనిషి నా ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం, జవాబు లేక కాదేమో అని.

సెప్టెంబరులో జమాల్ వలీ మోటారు సైకిలు మీద వచ్చి ఒక మంచి కబురు చెప్పాడు. నేను పోయిన ప్రతి మీటింగులోనూ అడగడం చూసి, పాపం, ఆయన పైకి రాశాడట. పై వాళ్ళు ఒప్పుకుని ఫారంలో ఇంకో గడి పెంచారట. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయనకు కాఫీ ఇచ్చి, ఫారం విప్పి, వేలు పెట్టి కిందిదాకా వచ్చాను. ముప్పై తొమ్మిదో గడి ఉంది. ‘పథకం పట్ల లబ్ధిదారు సతీమణి సంతోషం: అధికం / అత్యధికం’. ఏదో ఒకటి కొట్టేయమన్నారు. జమాల్ వలీ కూడా అప్పుడే చదివినట్టున్నాడు, కాఫీ సగంలో వదిలేసి లేచాడు.

“నేను రాసింది ఇది కాదమ్మా” అన్నాడు.

నాకు తెలుసన్నా అని ‘అధికం’ ఉంచి రెండోది కొట్టేశాను. అబద్ధం చెప్పేటప్పుడు కూడా కాస్త తక్కువ చెప్పడం మంచిది.

మా మండలం జిల్లాలో మొదటి స్థానంలో వచ్చింది. రెండువందల యాభై తుపాకులు, ఒక్క ప్రమాదం లేదు. ఎక్కడ నుంచి వస్తుంది? సన్మానం ఆయుధపూజ రోజున పెట్టారు, రోజు కూడా కలిసి వచ్చిందని. జిల్లా నుంచి పెద్దసారు వస్తున్నారు. పెద్దసారుకు నిజమైన తుపాకి చూపించాలి గనుక ‘ఉత్తమ సురక్షిత నిర్వాహకుడు’ బిరుదు మా ఆయనకు ఇచ్చారు. లబ్ధిదారు సతీమణి రెండు మాటలు మాట్లాడాలని నాకో కాగితం ఇచ్చి వెళ్ళారు. పిల్లలు సురక్షా గీతం పాడాలి, యశస్వినిని ముందు వరుసలో పెట్టారు.

ఆ పొద్దున బయలుదేరే ముందు మళ్ళీ అడిగాను. ఆయన కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. పై గుండీ కింది కాజాలో పెట్టుకుని, విప్పి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఈ పొద్దు ఆ తుపాకి ముందర నీ బిడ్డ నిలబడుతుంది, గుర్తు పెట్టుకో అన్నాను. ఆయన ఏదో అనబోయాడు. అంతలో జీపు హారను కొట్టింది.

మండలాఫీసు ఆవరణలో పందిరి వేశారు. జీపుకు, కంప్యూటర్లకు, రబ్బరు స్టాంపులకు కూడా పసుపు కుంకుమ పెట్టారు. వేదిక మీద బల్ల, బల్ల మీద మా పెట్టె, పెట్టె మీద మా తుపాకి. దానికి చామంతి దండ వేశారు, మూతికి నిమ్మకాయ గుచ్చారు. బల్లకు ఎదురుగా నాలుగు అడుగుల దూరంలో పిల్లలు వరుసగా ఉన్నారు. నిమ్మకాయ ఎవరి వైపు చూస్తోందో నేను కూర్చున్న చోటి నుంచి గీత గీసి చూసుకున్నాను. రెండు జడల, ఎర్ర రిబ్బన్ల వైపు. అవి నేను వేసిన జడలే.

పెద్దసారు వచ్చారు. ఒరిజినల్ ఇదేనా అని ముచ్చటపడ్డారు. నిమ్మకాయ తీసి పక్కన పెట్టి, దుర్భిణీలో చూసినట్టు మూతికి ఒక కన్ను ఆనించి, ఫొటోకు నవ్వారు. లోపల ఏమీ కనబడటం లేదే అన్నారు. పరాంకుశంగారు, అంత భద్రంగా ఉంచబడినది సార్ అన్నారు. తుపాకిని మళ్ళీ బల్ల మీద పెట్టారు, మూతి మళ్ళీ పిల్లల వైపే. పరాంకుశంగారు పళ్ళెంలో గుప్పెడు కర్పూరం పోసి వెలిగించారు. మంట జానెడు లేచింది. హారతి ముందు కంప్యూటరుకు ఇచ్చి, స్టాంపులకు ఇచ్చి, నెమ్మదిగా తుపాకి వైపు వస్తున్నారు. అంతలోనే, సమయం కలిసి వస్తుందని కాబోలు, లబ్ధిదారు సతీమణి రెండు మాటలు అని నా చేతికి మైకు ఇచ్చారు.

కాగితం నా చేతిలోనే ఉంది. ‘ఈ పథకం వలన మా కుటుంబం నిర్భయముగా జీవించుచున్నది’ అని మొదలవుతుంది. అది చదవడానికే నోరు తెరిచాను. మైకులో నా గొంతు నాకే పరాయిగా వినబడింది.

“సారూ, ఆ పళ్ళెం ఆడనే నిలపండి. దాంట్లో మందు కూరి ఉండాదా, లేదా?”

పళ్ళెం ఆగింది. తుపాకికి మూరెడు దూరంలో ఆగింది. పెద్దసారు పరాంకుశంగారి వైపు చూశారు. పరాంకుశంగారు రిజిస్టరు వైపు చూశారు. రిజిస్టరు పట్టుకున్న గుమాస్తా ముప్పై తొమ్మిది గడులూ వేలితో దిగి, మళ్ళీ ఎక్కాడు. గంగులాచారి తన కుడిచేతి వైపు చూసుకున్నాడు, సుత్తి పట్టిన చెయ్యి. పెద్దసారు చేయి ఎందుకో తన కంటి మీదికి వెళ్ళింది. జమాల్ వలీ ఒక్కడే ఎవరి వైపూ చూడకుండా వేదిక ఎక్కి, పిల్లలను రెండు చేతులతో పక్కకు జరిపి, పరాంకుశంగారి చేతిలోని పళ్ళెం తీసుకుని దూరంగా నేల మీద పెట్టాడు.

ఇక అందరూ చూడటానికి మా ఆయన ఒక్కడే మిగిలాడు. మెడలో శాలువా, చేతిలో సర్టిఫికెట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేల మీద కర్పూరం కరిగి చిన్నదై, నీలంగా మారి, ఆరిపోయి, పొగ కూడా పోయింది. పందిట్లో రెండువందల యాభై మంది సురక్షితులు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. యశస్విని నాన్న వైపు చూస్తోంది. నేను మైకు ఆయన నోటి దగ్గర పెట్టి కాచుకున్నాను. మూడేళ్ళు కాచుకున్నదాన్ని, ఇంకొంచెంసేపు నాకొక లెక్క కాదు.

“ఉండాది మే” అన్నాడు. “ఆ పొద్దు నాయన కూరతా ఉంటే గుండ్లు అందించింది నేనే. కాల్చేదీ, తీసేదీ మాత్రం నాకు రాదు. ఆయప్ప నేర్పకనే పాయ, వీళ్ళూ నేర్పల్యా.”